గాజుతొట్టిలో సముద్రపుష్పము

ఉపోద్ఘాతము

2003వ సంవత్సరమున 'ఫైండింగ్ నీమో' అను చలనచిత్రము వెలువడిన నాటినుండి, నారింజరంగు మేనిపై తెల్లని పట్టెలుగల యొక చిన్నచేప లోకమందలి బాలబాలికల కందఱికిని పరిచితమైనది. దానిని క్లౌను చేప యందురు. సర్కసునందలి విదూషకుడు ముఖమునకు రంగులు పూసికొన్నట్లు కనబడుటచే దానికా పేరు గలిగినది. ఆ చేప యొక మెత్తని పుష్పమువంటి దాని నడుమ నిర్భయముగా తిరుగుచుండును. ఆ పుష్పమువంటిది పుష్పము గాదు. అదియు నొక జంతువే. దాని పేరు సీ అనిమోను. అనిమోను అనునది నేలపై పూచు నొక పూవు పేరు. ఆ పోలికను బట్టియే సముద్రజీవికి ఈ పేరు పెట్టిరి. కావున మనము దీనిని సముద్రపుష్పమని పిలుచుకొందము.

మన కాగజ్‌నగరమునకు సమీపమైన సముద్రతీరము సుమారు 400 కిలోమీటర్ల దూరమున గలదు. అయినను నేడు ఉప్పునీటి గాజుతొట్టెలు, అనగా అక్వేరియములు, సముద్రమునకు దూరముగా నున్న పట్టణములందును ఇండ్లలో వెలయుచున్నవి. ఈ జంటను ఇంటిలో నుంచుకొనవలెనను కోరిక పిల్లలకు గలుగుట సహజము. అందు చేపను బ్రతికించుట అంత కష్టము గాదు. కదలక మెదలక పూవువలె కూర్చుండు ఆ రెండవ జీవిని బ్రతికించుటయే కష్టము. కొనితెచ్చిన సముద్రపుష్పములు కొలది నెలలలోనే నశించుట తఱచుగా జరుగు విషయము. అట్లు నశించుటకు కారణము లేమి? వాని కేమి కావలెను? ఈ రెండు ప్రశ్నలకు ప్రత్యుత్తరము చెప్పుటయే ఈ వ్యాసముయొక్క ఉద్దేశము.

సముద్రపుష్పము ఎట్టి జీవి?

జంతుశాస్త్రమున ఇది జెల్లిచేపలు, పగడపు జీవులు చేరిన నిడేరియా అను విభాగమునకు చెందినది. దీని దేహము ఒక సంచివంటిది. అడుగున పాదమువంటి చదునైన భాగముతో ఇది రాతిని గట్టిగా పట్టుకొనియుండును. పైభాగమున నడుమ నోరును, నోటి చుట్టును స్పర్శకములను వ్రేళ్ళవంటి అవయవములును గలవు. దీనికి ఎముకలు లేవు, మెదడు లేదు, రక్తము లేదు. నోరొక్కటే ద్వారము, ఆహారము పోవుటయు, వ్యర్థము వెలువడుటయు దానిగుండనే జరుగును.

స్పర్శకములయందు దంశకణములను సూక్ష్మములైన ఆయుధములు గలవు. ఒక్కొక్క కణములో చుట్టచుట్టిన యొక సన్నని దారమున్నది. చిన్నచేపయో, రొయ్యయో తగిలినంతనే ఆ దారము బాణమువలె వెలువడి విషమును గ్రుచ్చును. ఈ విషము సామాన్యమైనది గాదు. ఫ్రెంచి శాస్త్రజ్ఞులైన షార్లె రిషే, పాల్ పోర్టియే అనువారు 1902లో సముద్రపుష్పపు విషముతో పరిశోధనలు చేయుచు, మొదటిమాఱు తట్టుకొనిన విషమునకే రెండవమాఱు దేహము తీవ్రముగా ప్రతిక్రియ చూపుటను కనుగొనిరి. దానికి వారు అనాఫిలాక్సిస్ అని పేరిడిరి. ఈ కృషికై రిషేకు 1913లో నోబెల్ బహుమానము లభించినది. కొందఱికి కందిరీగ కుట్టినప్పుడు ప్రాణాపాయము గలుగుటకును ఇదియే కారణము. కావున సముద్రపుష్పమును వట్టిచేతితో తాకరాదు. రబ్బరు తొడుగులు ధరింపవలెను.

ఇక ముఖ్యమైన విషయమును వినుడు. క్లౌను చేపలకు ఆశ్రయమిచ్చు సముద్రపుష్పముల దేహములో కంటికి కనబడని శైవలములు, అనగా నాచుజాతి జీవులు, లక్షలకొలది నివసించుచుండును. అవి ఆకులవలె సూర్యరశ్మిని గ్రహించి చక్కెరలను తయారుచేసి, వానిలో పెద్దభాగమును ఆతిథ్యమిచ్చిన జంతువునకే ఇచ్చును. పెక్కు సముద్రపుష్పముల గోధుమవన్నెకు కారణము ఈ శైవలములే. నీరు మిక్కిలి వేడెక్కినను, వెలుతురు చాలకపోయినను, దేహమునకు దెబ్బ తగిలినను శైవలములు వెడలిపోవును. అపుడు జంతువు పాలిపోయి తెల్లబడును. ఆ తెలుపు కొందఱి కండ్లకు అందముగా తోచును. కాని అది ఆకలిచే గలిగిన తెలుపు.

దీర్ఘాయువు గల జీవి

స్కాట్లండు దేశమందు సర్ జాన్ గ్రేయమ్ డాల్యెల్ అను ప్రకృతిశాస్త్రజ్ఞుడు 1828లో ఒక చిన్న సముద్రపుష్పమును తీరమునుండి తెచ్చి గాజుపాత్రలో నుంచెను. అది చల్లనినీటి జాతికి చెందినది. దానికి సముద్రజలమును మార్చుచు, కొద్దికొద్దిగా ఆహారమిచ్చుచు వచ్చెను. 1851లో డాల్యెల్ మరణించెను. సముద్రపుష్పము మాత్రము బ్రతికియేయుండెను. అది ఒకరి చేతినుండి మఱియొకరి చేతికి మాఱుచు, 'గ్రానీ', అనగా అవ్వ, అను ముద్దుపేరుతో ప్రసిద్ధికెక్కి 1887లో గతించెను. అనగా మనుష్యుల సంరక్షణలోనే 59 సంవత్సరములు జీవించినదన్నమాట!

ఆ గాజుపాత్రకు విద్యుద్దీపములు లేవు, పంపులు లేవు. ఉన్నవి రెండే: శుభ్రమైన సముద్రజలము, తప్పక దానిని మార్చు మనుష్యుని చేయి. యజమానికంటె ఎక్కువకాలము బ్రతుకగల జీవి మన తొట్టిలో ఆఱునెలలకే నశించినచో, ఆ లోపము జీవియందు లేదు. ఈ మాటను మనసున నుంచుకొని తక్కిన పాఠమును చదువుడు.

క్లౌను చేపయు దాని సహవాసమును

క్లౌను చేపలలో సుమారు 30 జాతులు గలవు. ఇవి హిందూమహాసముద్రము, పసిఫిక్ మహాసముద్రములయందలి వెచ్చని తీరములలో మాత్రమే నివసించును. మన దేశమున మన్నారు సింధుశాఖ, అండమాను, లక్షద్వీపములందు ఇవి గలవు. లోకమందలి సముద్రపుష్పముల జాతులు వెయ్యికి పైబడియున్నను, ఈ చేపలకు ఆశ్రయమిచ్చునవి పది జాతులు మాత్రమే. విశాఖపట్టణపు రాతితీరములలో ఆటువేళ నీరు వెనుకకు తగ్గినపుడు గుంటలలో కనబడు చిన్న సముద్రపుష్పములు ఈ పదింటిలోనివి గావు.

కత్‌బర్ట్ కాలింగ్‌వుడ్ అను ఆంగ్ల ప్రకృతిశాస్త్రజ్ఞుడు 1866–67 సంవత్సరములలో చీనా సముద్రములందు సంచరించి, పెద్ద సముద్రపుష్పముల నడుమ చేపలు సుఖముగా వసించుటను చూచి, 1868లో ఒక శాస్త్రపత్రికలో ప్రకటించెను. ఇతర చేపలను చంపు విషము ఈ చేప నేల చంపదు? చేప చర్మముపైనున్న జిగురుపొర అందుకు ముఖ్యకారణము. ఆ పొర దంశకణములను ప్రేరేపింపదు. కొన్ని జాతులు తొలుత స్పర్శకములను కొంచెము కొంచెముగా తాకుచు, వెనుకకు పోవుచు, మరల తాకుచు అలవాటు చేసికొనును. ఈ విషయమున శాస్త్రజ్ఞుల పరిశోధన ఇంకను సాగుచున్నది.

ఈ సహవాసమువలన ఉభయులకును లాభము గలదు. చేపకు శత్రువులనుండి రక్షణము లభించును. అది తన గ్రుడ్లను సముద్రపుష్పపు పాదము ప్రక్కనున్న రాతిపై పెట్టును. మగచేప వానిని విసరుచు, శుభ్రపఱచుచు కాచును. సుమారు వారముదినములకు, రాత్రివేళ, పిల్లలు వెలువడును. దీనికి ప్రతిగా చేప సముద్రపుష్పమును కొఱికితిను సీతాకోక చేపలను తఱిమివేయును. అది విడుచు అమ్మోనియా శైవలములకు ఎరువగును. అది స్పర్శకముల నడుమ కదలాడుటచే క్రొత్తనీరు ప్రవహించి ప్రాణవాయువు అందును.

ఈ చేపల కుటుంబ వ్యవస్థయు వింతయైనది. పుట్టినపుడు అన్నియు మగలక్షణమే కలవి. గుంపులో అన్నింటికంటె పెద్దది ఆడదగును; దాని తరువాతిది మగది. ఆడచేప చనిపోయినచో ఆ మగచేపయే ఆడదిగా మాఱును. కావున జంట కావలెనన్నవారు రెండు చిన్నచేపలను ఒక్కమాఱే తెచ్చిన చాలును. కాలక్రమమున అవే జంటగా నేర్పడును.

అయితే ఒక భేదము గమనింపదగినది. సముద్రమున శత్రువులు గలరు. అక్కడ క్లౌను చేప సముద్రపుష్పము లేక బ్రతుకజాలదు. గాజుతొట్టిలో శత్రువులు లేరు. అక్కడ అది సముద్రపుష్పము లేకయే అనేక సంవత్సరములు ఆరోగ్యముగా జీవించి, గ్రుడ్లు కూడ పెట్టును. కనుక 'చేపకొఱకు సముద్రపుష్పమును తెచ్చితిమి' అను మాట సరికాదు. మన కన్నుల వేడుకకొఱకే తెచ్చితిమి. అట్టి యెడల దాని భారమును మనమే వహింపవలెను.

సముద్రజలమును తయారుచేయుట

సముద్రజలమనగా నీటిలో వంటయుప్పు కలిపినది కాదు. సముద్రలవణములలో క్లోరైడు సుమారు 55 పాళ్ళు, సోడియము 31 పాళ్ళు, సల్ఫేటు 8 పాళ్ళు, మెగ్నీషియము 4 పాళ్ళు. కాల్షియము, పొటాషియములు ఒక్కొక్క పాలు. వంటయుప్పులో సోడియము, క్లోరైడు తప్ప తక్కినవి దాదాపుగా లేవు. కావున అక్వేరియముల కొఱకై తయారుచేసిన లవణమిశ్రమమునే వాడవలెను.

ఏ నీటిలో కలుపవలెను? బోరునీటిలో ఇతర ఖనిజములు, కుళాయినీటిలో క్లోరిను ఉండును. రాగి మిక్కిలి స్వల్పముగా నున్నను సముద్రపుష్పమునకు ప్రాణాంతకము. చేపలజబ్బులకు వాడు కొన్ని మందులలోను రాగి గలదు. అట్టి మందులను ఈ తొట్టిలో ఎన్నడును వేయరాదు. ఆర్.ఓ. యంత్రముగుండ వడకట్టిన నీటిని వాడుట మేలు. త్రాగుటకై అమ్ము ఆర్.ఓ. నీటిలో రుచికొఱకు కొంత లవణమును మిగుల్చుట కలదు. కావున టీడీఎస్ మీటరుతో పరీక్షించి, సున్నకు దగ్గఱగానున్న నీటినే గ్రహింపవలెను.

ఇపుడు కొంచెము లెక్క చేయుదము. తొట్టి పొడవు 90, వెడల్పు 45, ఎత్తు 45 సెంటీమీటర్లు అనుకొనుడు. ఘనపరిమాణము 1,82,250 ఘనసెంటీమీటర్లు, అనగా సుమారు 182 లీటర్లు. ఇసుక, రాళ్ళు, పైన విడుచు ఖాళీ పోగా నీరు 150 లీటర్లు పట్టుననుకొందము. సముద్రజలమున లీటరునకు 35 గ్రాముల లవణముండవలెను. 150ని 35చే గుణింపగా 5,250 గ్రాములు, అనగా అయిదుంబావు కిలో లవణము కావలెను. నీటిని వేఱుపాత్రలో కలిపి, ఒక దినము పంపుతో త్రిప్పి, హైడ్రోమీటరుతో గాని రిఫ్రాక్టోమీటరుతో గాని కొలువవలెను. సాపేక్షసాంద్రత 1.025 నుండి 1.026 వఱకు ఉండుట యుక్తము.

నీరు ఆవిరియగునపుడు లవణము ఆవిరికాదు. పై తొట్టిలో 10 లీటర్లు ఆవిరియైనచో మిగిలిన 140 లీటర్లలో అదే 5,250 గ్రాముల లవణముండును. అనగా లీటరునకు 37.5 గ్రాములు. ఈ మార్పునకు సముద్రపుష్పము ముడుచుకొనును. కాబట్టి ఆవిరియైన లోటును మంచినీటితోనే, అదియును దినదినము కొద్దికొద్దిగా పూడ్చవలెను. ఉప్పునీటితో పూడ్చుట పెద్ద పొరపాటు.

తొట్టి పక్వమగుట

క్రొత్తతొట్టిలోని నీరు కంటికి స్వచ్ఛముగా నున్నను జీవులకు ఇంకను యోగ్యము గాదు. చేపల మలమునుండియు, మిగిలిన ఆహారమునుండియు అమ్మోనియా పుట్టును, అది విషము. ఒకజాతి బాక్టీరియాలు దానిని నైట్రైటుగా మార్చును, అదియు హానికరమే. మఱియొకజాతి నైట్రైటును నైట్రేటుగా మార్చును. అది అంత విషము కాదు. ఈ సూక్ష్మజీవులు రాళ్ళపై, ఇసుకలో తగినంతగా వృద్ధియగుటకు నాలుగు నుండి ఆఱు వారములు పట్టును. అటుపిమ్మట చేపలను విడువవచ్చును.

సముద్రపుష్పమునకు మాత్రము అది చాలదు. తొట్టి ఆఱునెలలు, వీలైనచో ఒక సంవత్సరము, నిలుకడగా సాగిన తరువాతనే దానిని తేవలెను. ఈ కాలములో నీటిగుణములు స్థిరపడును. యజమానికిని అలవాటు స్థిరపడును. అమ్మోనియా, నైట్రైటులు సున్నగా నుండవలెను. నైట్రేటు లీటరునకు 10 మిల్లిగ్రాములు దాటకుండుట మంచిది. పీహెచ్ 8.1 నుండి 8.4 వఱకు ఉండవలెను. వారమునకొకమాఱు పదవవంతు నీటిని మార్చవలెను. పై తొట్టికి అది 15 లీటర్లు, దానికి కావలసిన లవణము 525 గ్రాములు.

ఎండ, చలి, విద్యుత్తు

ఈ జీవులకు 25 నుండి 27 డిగ్రీల సెంటిగ్రేడు వేడిమి అనుకూలము. మన ప్రాంతమున మే నెలలో గాలివేడిమి 45 డిగ్రీలకు చేరుట కలదు. తెలంగాణములో చలి మిక్కుటముగానుండు ప్రదేశములలోను మన జిల్లా ఒకటి. కావున తీరవాసులకు లేని చిక్కులు మనకు రెండు గలవు. చలికాలమున థర్మోస్టాటు గల హీటరు కావలెను. వేసవిలో నీటిపై చిన్న ఫ్యాను పెట్టినచో, కుండలో నీరు చల్లబడు సూత్రము చొప్పుననే, తొట్టినీరు కొన్ని డిగ్రీలు తగ్గును. కాని ఆవిరి హెచ్చును; కావున పైన చెప్పిన మంచినీటి లోటును మఱింత శ్రద్ధగా పూడ్చవలెను. ఇది చాలని దినములలో తొట్టిని చల్లబఱచు యంత్రమే శరణ్యము. అత్యవసరసమయమున, మూతబిగించిన సీసాలో నీటిని గడ్డకట్టించి తొట్టిలో తేలవేయవచ్చును. మంచుగడ్డను నేరుగా వేయరాదు, లవణము పలుచనగును.

విద్యుత్తు పోయినపుడు పంపులు నిలుచును. వేడినీటిలో ప్రాణవాయువు తక్కువగా కరగును కనుక వేసవిలో అపాయము హెచ్చు. బ్యాటరీతో నడచు గాలిపంపును గాని, ఇన్వర్టరును గాని ముందుగానే సిద్ధపఱచుకొనవలెను. ఈ ఏర్పాటు లేనివారు సముద్రపుష్పమును తేకుండుటయే న్యాయము.

వెలుతురు, ప్రవాహము

లోపలి శైవలములకు వెలుతురే జీవము. సాధారణపు గది దీపము చాలదు. సముద్రజీవులకై తయారైన తెలుపు, నీలి కాంతుల ఎల్.ఈ.డీ. దీపములను దినమునకు 8 నుండి 10 గంటలు వెలిగించి, రాత్రి చీకటిగా నుంచవలెను. క్రొత్తగా వచ్చిన జీవికి తొలుత కాంతిని తగ్గించి, రెండుమూడు వారములలో క్రమముగా పెంచవలెను. కిటికీప్రక్కన ఎండలో తొట్టిని పెట్టుట తగదు. నీరు వేడెక్కును, నాచు ప్రబలును.

నీటిప్రవాహము స్పర్శకములను మెల్లగా ఊపునట్లుండవలెను. పంపు నీటిని పీల్చు చోటును స్పాంజితోనో, జాలితోనో తప్పక కప్పవలెను. సముద్రపుష్పము తనకు నచ్చని చోటును విడిచి నడచును. రాత్రివేళ నడచి పంపులో చిక్కుకొని చీలికలగుట గృహాక్వేరియములలో తఱచుగా జరుగు ఉపద్రవము.

ఎన్నుకొనుట, తెచ్చుట, విడుచుట

ఇంటితొట్టికి తగిన జాతి ఎంటక్మియా క్వాడ్రికలర్. దీని స్పర్శకముల కొనలు బుడగలవలె ఉబ్బియుండుటచే దీనిని బబుల్‌టిప్ అందురు. ఇది తొట్టిలోనే రెండుగా చీలి వృద్ధిపొందును. కావున సముద్రమునుండి పెఱికి తెచ్చిన దానిని గాక, మఱియొకరి తొట్టిలో చీలి పెరిగిన పిల్లను సంపాదింపవలెను. అట్టిది గాజుతొట్టి జీవితమునకు అలవాటుపడినది. స్టికోడాక్టిలా హద్దోని మొదలగు తివాచీవంటి పెద్దజాతులు చేపలను పట్టితినును. అవి క్రొత్తవారికి తగవు.

కొనునపుడు చూడవలసినవి: నోరు బిగిసి మూసియుండవలెను, పాదము గాజునో, రాతినో గట్టిగా పట్టియుండవలెను, దానిపై గాయము లేకుండవలెను, వన్నె ఉండవలెను, స్పర్శకములు ఆహారమునకు అంటుకొనవలెను. హైదరాబాదు వంటి దూరపట్టణమునుండి తెచ్చునపుడు థర్మోకోలు పెట్టెలో పెట్టి, వేసవి పగటిప్రయాణమును మాని రాత్రి రైలునందు తెచ్చుట మేలు.

ఇంటికి వచ్చినపిమ్మట మూసిన సంచిని పావుగంట తొట్టినీటిపై తేలనిచ్చి వేడిమిని సమము చేయవలెను. తరువాత సన్నని గొట్టముతో తొట్టినీటిని సంచిలోనికి బొట్లుబొట్లుగా, గంటకు మించకుండ, విడువవలెను. సంచినీటిని తొట్టిలో పోయరాదు. పంపులను కొంతసేపు నిలిపి, జీవిని రాళ్ళనడుమ మెల్లగా ఉంచవలెను. అది తనకు తగిన చోటును తానే వెదకికొనును. మనకు నచ్చినచోట లేదని పెఱికినయెడల పాదము చిరిగి, ఆ గాయమే మరణహేతువగును.

చేప వెంటనే దానిని చేరవలెనని లేదు. కొన్ని నిముసములలో చేరవచ్చును, కొన్ని నెలలు పట్టవచ్చును, ఎన్నడును చేరకపోవచ్చును. సామాన్యముగా దొఱకు ఆంఫిప్రియాన్ ఒసెల్లారిస్ అను క్లౌను చేపకు సముద్రమున బబుల్‌టిప్ సహజమైన ఇల్లు కాదు. అయినను తొట్టెలలో అది తఱచుగా దానిని అంగీకరించును. బలవంతముచే స్నేహము కుదురదు.

ఆహారము

వెలుతురు చక్కగా నున్నచో ఆహారము స్వల్పమే చాలును. ఉప్పు, పసుపు తగులని పచ్చిరొయ్యనో, చేపముక్కనో నోటికంటె చిన్నవిగా తఱిగి, వారమునకొకమాఱు పట్టకారుతో స్పర్శకములకు అందింపవలెను. అది గ్రహింపనిచో ముక్కను తీసివేయవలెను. మితిమీఱి పెట్టినచో జీర్ణింపక కక్కివేయును. ఆ వ్యర్థము కుళ్ళి నీరు చెడును. క్లౌను చేప తన ఆహారములోని ముక్కను తీసికొనిపోయి సముద్రపుష్పమున కందించుటయు కలదు. చూడవలసిన వేడుక అది.

ఆరోగ్యమును గుర్తించుట

దినమున కొకటి రెండుమాఱులు కుంచించుకొని మరల విప్పుకొనుట రోగము గాదు; లోపలి పాతనీటిని, వ్యర్థమును వెడలించు పని అది. కాని ఈ క్రింది గుర్తులు కనబడినయెడల అపాయమని యెఱుగుడు.

1. నోరు తెఱచుకొని, లోపలి భాగము వెలుపలికి వచ్చుట.
2. ఒకటి రెండు దినములైనను విప్పుకొనకుండుట.
3. పాదము పట్టువిడిచి నీటిలో కొట్టుకొనిపోవుట.
4. వన్నె పోయి గాజువలె తెల్లబడుట.
5. స్పర్శకములు అంటుకొనకుండుట.

అపుడు ముందు నీటిని పరీక్షింపవలెను: వేడిమి, లవణము, అమ్మోనియా, నైట్రైటు. పిదప నాలుగవవంతు నీటిని మార్చి, వెలుతురును సరిచూడవలెను. దేహము కరగుచు దుర్వాసన కొట్టినచో అది మరణించినట్లే. తక్షణము తీసివేసి, ఎక్కువ నీటిని మార్చవలెను. లేనిచో ఆ కుళ్ళుచే ఒక్క రాత్రిలో తొట్టియందలి చేపలన్నియు నశింపవచ్చును.

సముద్రమునకు మనము ఋణపడియున్నాము

లండనునందలి జంతుప్రదర్శనశాలలో 1853లో లోకమందలి మొదటి బహిరంగ అక్వేరియము తెఱువబడెను. మరుసటి సంవత్సరము ఫిలిప్ హెన్రీ గాస్ 'ది అక్వేరియం' అను గ్రంథమును ప్రకటించెను. దానితో ఇంగ్లండున ఇంటింట సముద్రజీవులను పెంచు ఉబలాటము ప్రబలెను. ఆ గ్రంథము ప్రేమతో వ్రాయబడినదే. కాని అతని కుమారుడు ఎడ్మండ్ గాస్ 1907లో ప్రకటించిన 'ఫాదర్ అండ్ సన్' అను పుస్తకమున, ఆ సేకరణవలన తాను బాల్యమున చూచిన తీరపు గుంటల సౌందర్యము నాశమైనదని దుఃఖించెను. ప్రేమించినవారే పాడుచేయుదురనుటకు ఇది నిదర్శనము.

నేడు సముద్రమునకు మఱియొక బాధయు గలదు. 1998, 2010, 2016 సంవత్సరములలో సముద్రజలము వేడెక్కి లక్షద్వీపములందు పగడములు విస్తారముగా తెల్లబడెను. అట్టి వేడిమికి సముద్రపుష్పములును లోనగును. మన ప్రభుత్వమువారు 2001లో రాతిపగడములను వన్యప్రాణి సంరక్షణ చట్టముయొక్క మొదటి అనుసూచికలో చేర్చిరి. వానిని తీయుట, అమ్ముట నేరము. కనుక తొట్టిలో అలంకారమునకు పగడపురాళ్ళను కొనరాదు, కృత్రిమశిలలు చాలును. చేపల విషయమున మనకు మంచి మార్గము గలదు. మండపము, విళింజము కేంద్రములలో కేంద్ర సముద్ర మత్స్య పరిశోధనసంస్థవారును, పరంగిపేటలో అన్నామలై విశ్వవిద్యాలయమువారును క్లౌను చేపలను తొట్టెలలో పుట్టించి పెంచు విధానమును సాధించిరి. తొట్టిలో పుట్టిన చేపను కొనినచో సముద్రమున ఒక చేప మిగులును.

సంగ్రహము

మొదటి సంవత్సరమున నీటిని మాత్రమే పెంచుడు. అందు తొట్టిలో పుట్టిన రెండు క్లౌను చేపలుండిన చాలును. ఆ సంవత్సరమంతయు లవణము, వేడిమి, నైట్రేటు ఒక పుస్తకమున వ్రాసికొనుడు. ఆ పుస్తకమున అంకెలు నిలుకడగానున్నచో, వేసవిని, విద్యుత్తు పోవుటను ఎదుర్కొను సాధనములున్నచో, అపుడు చీలిపెరిగిన చిన్న సముద్రపుష్పమును తెచ్చుకొనుడు. అంకెలు నిలుకడగా లేనిచో చేపలతోనే సంతోషింపుడు. వానికి ఏ కొదువయు లేదు. సెలవులకు ఊరికి పోవునపుడు దినదినము మంచినీరు పోయువారెవరో ముందుగా నిర్ణయించుకొనుడు. అవ్వ 59 సంవత్సరములు బ్రతికినది తన భాగ్యముచే గాదు, ఒకరి తరువాత ఒకరు నీరు మార్చుట మానకుండుటచే.

అభ్యాసములు

1. 80 లీటర్ల నీటికి ఎంత లవణము కావలెను?
2. 150 లీటర్ల తొట్టిలో 10 లీటర్లు ఆవిరియైనవి. ఆ లోటును ఉప్పునీటితో పూడ్చినచో లీటరునకు ఎన్ని గ్రాముల లవణముండును?
3. సముద్రపుష్పము తెల్లబడుటకు కారణములను వ్రాయుడు.
4. కుండలో నీరు చల్లబడుటకును, ఫ్యానుచే తొట్టినీరు చల్లబడుటకును గల పోలిక యేమి?
5. గాజుతొట్టిలో క్లౌను చేపకు సముద్రపుష్పము అవసరమా? మీ అభిప్రాయమును కారణములతో వ్రాయుడు.